పన్నెండు దూలాలు

రంపం సగం దాకా దిగేసరికి దూలంలోంచి రాలుతున్న పొట్టు రంగు మారింది. అంతవరకూ ఎర్రగా, గరుకుగా వచ్చిన పొట్టు ఒక్కసారిగా బూడిదలా మెత్తబడి యార్డు మేస్త్రి చెప్పుల మీద పడింది. మేస్త్రి రంపం ఆపి దూలాన్ని కాలితో ఒక్క తాపు తన్నాడు. అది రెండు ముక్కలైంది. లోపల పిడికిలి పట్టేంత డొల్ల. చెద ఎప్పుడో లోపలంతా తినేసి, పైచెక్కు మాత్రం మర్యాదకు వదిలేసి వెళ్ళిపోయింది.

సుత్తమ్మ ఆ ముక్క వైపే చూస్తూ నిలబడిపోయింది. దాని మీద నీలి సుద్దతో గీసిన టిక్కు ఇంకా చెరగలేదు. పది నిమిషాల క్రితం గీసింది తనే. మూడుచోట్ల సుత్తితో కొట్టి, చెవి ఆనించి విని, గట్టిదని గీసింది.

"ఒక్కోసారి జరుగుతుందిలే అక్కా," అన్నాడు మేస్త్రి, ఆమె మొహంలోకి చూడకుండా.

తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ జరగలేదు.

సుత్తమ్మ అన్న పేరు ఆమె వాగుడు వల్ల వచ్చిందనుకుంటే పొరపాటే. రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. చేతిసంచీలో ఎప్పుడూ పావుకిలో సుత్తి ఉంటుంది కాబట్టి ఆ పేరు పెట్టారు. పెట్టినవాళ్ళు సుత్తి కొట్టే రకం, అది వేరే సంగతి.

ఆ ఊళ్ళో పాత ఇల్లు పడగొట్టాలంటే ముందు మున్సిపాలిటీ తరఫున ఆమె వచ్చి చూడాలి. గదిగదీ తిరిగి పనికొచ్చే తలుపులకూ కిటికీలకూ దూలాలకూ ఇటుకలకూ టిక్కు పెట్టేదాకా గోడ మీద గునపం పడటానికి వీల్లేదు. టిక్కు పడ్డవాటిని చేత్తో విప్పి యార్డుకు తేవాలి. అక్కడ దూలాలను ఆమె మళ్ళీ సుత్తితో కొట్టి చూసి, గట్టివాటికే నీలి టిక్కు పెడుతుంది. మిగిలిన రాళ్ళూ రప్పలూ యార్డు వెనకున్న క్రషర్లో కంకరై ఊరి రోడ్ల కిందికి పోతాయి. ఇల్లు కట్టుకునేవాళ్ళు యార్డుకొచ్చి తమకు కావలసినవి ఏరుకుంటారు. ఈ రూలు రాకముందు ఆ చెత్తంతా ఎక్కడికి పోయేదని అడిగితే ఒక్కరూ నోరు విప్పరు గానీ అందరికీ తెలుసు. కాలవలోకి పోయేది. కాలవ పూడిపోయి, వాన పడ్డప్పుడల్లా పల్లపు వీధిలో మంచాల ఎత్తున నీళ్ళు నిలిచేవి. సుత్తమ్మ ఇల్లు పల్లపు వీధిలోనే ఉంది. ఒక ముసురులో, అప్పటికి చిన్నపిల్లగా ఉన్న కూతుర్ని రెండ్రోజులు అటక మీదే కూర్చోబెట్టి, కిందనుంచి అన్నం అందించింది ఆమె. అందుకే ఈ రూలంటే ఆమెకు ప్రాణం. రూలొచ్చాక ఆ వీధిలో గడప దాటి నీళ్ళు రాలేదు.

దూలాన్ని పరీక్షించడం పెద్ద విద్యేమీ కాదని ఆమే అంటుంది. మంచి చెక్క ఖంగుమంటుంది, పుచ్చుది బొద్దుగా పలుకుతుంది. గోడలో కూరుకుపోయి ఉండే రెండు కొసలూ ముందు పుచ్చుతాయి గనుక అక్కడా, నడుమనా కొట్టాలి. కొడుతూ కుడిచెవి చెక్కకు ఆనించాలి. వెనక క్రషర్ గోల ఎంతున్నా చెక్క మాట చెవిలోకి నేరుగా వస్తుంది.

వేసవిలో ఆమెకు జలుబు చేసి ఆ కుడిచెవిలో ఈల మొదలైంది. వారం తర్వాత ఈల ఆగింది. దాంతోపాటు అన్నీ ఆగిపోయాయి.

ఆమె ఎవరికీ చెప్పలేదు. రేపో మాపో తెరుచుకుంటుందిలే అనుకుంది. ఎడమచెవి ఆనిద్దామనుకుంది కానీ, తొమ్మిదేళ్ళుగా అటు తిరిగి వినే మనిషి ఉన్నట్టుండి ఇటు తిరిగితే నలుగురి కంటా పడుతుందని మానేసింది. కుడిచెవే ఆనిస్తూ వచ్చింది. ఎడమచెవికి అందిన కాస్త చప్పుడుతో సరిపెట్టుకుంది. ఆ చప్పుడులో సగం క్రషర్‌ది. చెవితో పని చేసే మనిషికి చెవి పోయిందంటే ఇంట్లో కూర్చోబెట్టక ఏం చేస్తారు? ఆ భయంతోనే నాలుగు నెలలు కిమ్మనకుండా గడిపేసింది. ఇప్పుడు ఆ భయం పోయి, దాని చోట్లో ఇంకా పెద్దది వచ్చి కూర్చుంది.

నాలుగు నెలల్లో ఎన్ని దూలాలకు టిక్కు పెట్టింది?

ఆమె యార్డు గదిలోకి వెళ్ళి, ఏ చెక్క ఎక్కడినుంచి వచ్చిందో, ఎవరు పట్టుకెళ్ళారో రాసే పుస్తకం తెరిచింది. వేలు కిందికి జారుతూ వచ్చి ఒకచోట ఆగింది. పాత గోదాము, దూలాలు పన్నెండు. పట్టుకెళ్ళింది: మున్సిపల్ పిల్లల కేంద్రం.

ఆమె చెయ్యి పుస్తకం మీదే ఉండిపోయింది. పనికి వెళ్ళే అమ్మానాన్నలు తమ పిల్లలను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వదిలే కేంద్రం అది. అందరికీ చూపించడానికని మున్సిపాలిటీ ఈమధ్యే దాన్ని అచ్చంగా యార్డు సామానుతోనే కట్టించింది. పైన పెంకులు, పెంకుల కింద వాసాలు, వాసాల కింద ఆ పన్నెండు దూలాలు. వాటి కింద ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు. వాళ్ళకు టీచరు ఆమె కూతురు.

కిటికీలోంచి చూస్తే ఆకాశం నల్లబడుతోంది. వాన పడితే పెంకులు నీళ్ళు పీల్చి బరువెక్కుతాయి. సంచీ భుజాన వేసుకుని ఆమె బయటికి నడిచింది. మేస్త్రి వెనకనుంచి పిలిచాడో లేదో ఆమెకు తెలియదు.

పిల్లల కేంద్రానికి పావుగంట నడక. ఆ పావుగంటా ఆమె కాళ్ళు నేల మీద ఆన్లేదు. మందుల షాపు పక్కన ఎవరో రేకు షట్టరు ధడాలున దించితే గోడ పట్టుకుంది. కూలిందేమో అనుకుంది.

కూలలేదు. తలుపు తీసేసరికి పిల్లలు మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు. చాపల మీద వరుసగా, ఒకడి కాలు ఇంకొకడి పొట్ట మీద, ఒకమ్మాయి జడ పక్కవాడి పిడికిట్లో. పైన దూలాలు నూనె పెట్టి తుడిచినట్టు నిగనిగలాడుతున్నాయి. చూడ్డానికి ఎంత బావున్నాయో. ఇందాక ముక్కలైన దూలం కూడా పైకి ఇంత బావుంది.

కూతురు చప్పుడు కాకుండా వచ్చి ఆమె పక్కన నిలబడింది. "ఏంటమ్మా, ఈ వేళప్పుడు వచ్చావ్?"

సుత్తమ్మ పక్కకు తిరిగి చూసింది. కూతురు ఎడమవైపు నిలబడి ఉంది. నిన్నా ఎడమవైపే. ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా ఎప్పటినుంచో ఎడమవైపే కూర్చుంటోంది.

"నువ్వెప్పుడూ ఇటువైపే ఎందుకు నిలబడతావే?"

"అటునుంచి మాట్లాడితే నీకు వినపడదు కదా," అంది కూతురు, చున్నీ సర్దుకుంటూ. అదేదో అందరికీ తెలిసిన సంగతన్నట్టు చెప్పింది.

"ఎప్పటినుంచి తెలుసు?"

"వేసవి నుంచి."

"మరి చెప్పలేదేం?"

"నువ్వే చెప్పలేదు. నీకు చెప్పాలని లేదేమో అనుకున్నా. అయినా రెండో చెవి ఉందిగా, పని నడుస్తోందనుకున్నా." కూతురు అప్పుడు తల్లి మొహం సరిగ్గా చూసింది. "ఏమైందమ్మా?"

సుత్తమ్మ తల పైకెత్తి దూలాల వైపు చూసింది. కూతురూ చూసింది. చూస్తూ చూస్తూ ఆ పిల్ల మొహంలో రక్తం ఇంకిపోయింది.

"ఇవి నువ్వు చూసినవేనా? వేసవి తర్వాత?"

తల్లి తలూపింది.

అంతలో మోటార్‌సైకిలు ఆపి మేస్త్రి లోపలికి వచ్చాడు. పిల్లలు నిద్రపోతున్నారని చూసి గొంతు తగ్గించాడు. తగ్గించేసరికి సుత్తమ్మకు వినపడలేదు. ఇటు తిరిగి, ఎడమచెవి అతని నోటి దగ్గరికి తెచ్చింది. నాలుగు నెలల్లో మొదటిసారి ఇంకొకరి ముందు అలా తిరిగింది.

"పోయిన వారం ఒక దూలం ఎత్తుతుంటే తేలిగ్గా అనిపించింది అక్కా," అన్నాడు. "నీ టిక్కు ఉంది కదా, నాదే భ్రమ అనుకున్నా. ఇవాళ మళ్ళీ అలాంటిదే దొరికింది. నీతో ఎలా చెప్పను? యార్డు పని నేర్పిందే నువ్వు. నోటితో చెప్పలేక రంపంతో చెప్పా."

బయట గాలి లేచింది. పైన ఎక్కడో ఒక పెంకు కదిలిన చప్పుడు. ఆ చప్పుడు ముగ్గురికీ వినపడింది.

"ఇవాళ మూడింటికి కౌన్సిల్ మీటింగు," అన్నాడు మేస్త్రి మళ్ళీ. "రూలు ఇంకో మూడేళ్ళు ఉంచాలా తీసెయ్యాలా అని ఓటు. పొక్లెయినాయన ఎదురు చూస్తున్నది ఇలాంటి దానికోసమే. ఇవాళొక్కరోజు ఆగుదాం అక్కా. ఓటు కానీ. నేను సాయంత్రం ఇనుప ఊతలు తెచ్చి దూలాల కింద పెట్టిస్తా. రంగులు వెయ్యాలని ఏదో ఒకటి చెప్దాం. రేపు తీరిగ్గా చూసుకుందాం."

పొక్లెయినాయన అంటే కౌన్సిలర్లలో ఒకాయన. ఊళ్ళో మూడు పొక్లెయిన్లు ఆయనవే. చేత్తో విప్పితే పదిహేను రోజులు పట్టే ఇంటిని ఆయన యంత్రం ఒక పూటలో నేలమట్టం చేస్తుంది. ఈ రూలు ఆయన గొంతులో అడ్డంపడ్డ ముల్లు.

సుత్తమ్మకు మేస్త్రి మాట ఎంత తియ్యగా వినిపించిందో చెప్పలేం. ఒక్కరోజు. ఊతలు పడితే పిల్లలకు భయం లేదు. ఓటైతే కాలవకు భయం లేదు. తన సంగతి ఎవరికీ తెలియదు. ఆమె సరే అనబోయింది కూడా. అప్పుడు పుస్తకంలో గోదాము కింద ఉన్న వరుసలు గుర్తొచ్చాయి. ఆ వరుసలు ఒకటీ రెండూ కావు, పందొమ్మిది ఇళ్ళు. బస్సు డ్రైవరు, ఇస్త్రీ కొట్టు ఆవిడ, బడి గుమాస్తా. ఆ ఇళ్ళన్నిటిలోకీ రంగులు వేస్తామని చెప్పి ఊతలు తీసుకెళ్ళగలదా?

"పిల్లల్ని లేపు," అంది కూతురితో.

"ఏం చెప్పి లేపను?"

"రైలాట అని చెప్పు. ముందువాడి చొక్కా వెనకవాడు పట్టుకుని లైబ్రరీ హాల్లోకి. చప్పుడు చెయ్యకుండా నడిచినవాడే గెలిచినట్టు."

పిల్లలు రైలై, కళ్ళు నులుముకుంటూ రోడ్డు దాటి లైబ్రరీలోకి వెళ్ళారు. సుత్తమ్మ తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది. ముప్ఫై ఏడు దగ్గర లెక్క ఆగింది. లోపలికి పరుగెత్తింది. తొమ్మిదో దూలం కింద, చెప్పుల అరల వెనక, ఒక పిల్లవాడు దుప్పటి ముసుగేసుకుని ఇంకా నిద్రపోతున్నాడు. వాణ్ణి దుప్పటితో సహా ఎత్తుకుని బయటికి వచ్చేసరికి మొదటి చినుకులు పడ్డాయి. వాడు ఆమె కుడి భుజం మీద తల పెట్టి ఏదో గొణిగాడు. ఆమెకు వినపడలేదు.

మీటింగు మొదలై అరగంటయ్యాక ఆమె కౌన్సిల్ హాలుకు చేరింది. చీర అంచు తడిసి కాళ్ళకు చుట్టుకుంటోంది. చైర్‌పర్సన్ మేడమ్ ఆమెను చూసి సంతోషించింది. రూలు గురించి ఆమె చేత నాలుగు మాటలు చెప్పించాలని పొద్దుటినుంచి అనుకుంటున్నారు. ముందు వరుసలో కుర్చీ వేశారు. ఆమె కూర్చోలేదు. గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే, బాగున్న చెవిలో కూడా అదే వినిపిస్తోంది.

"తొమ్మిదేళ్ళుగా ఈ పని చేస్తున్నది ఈవిడే," అని మేడమ్ పరిచయం చేసింది. "ఎవరికైనా సందేహాలుంటే అడగొచ్చు."

పొక్లెయినాయన కుడివైపు వరుసలో కూర్చుని ఉన్నాడు. ఆయన ఏదో అడిగాడు. సుత్తమ్మ ఎదురుగా గోడ వైపు చూస్తూ, ఎలా మొదలుపెట్టాలా అని మాటలు కూడగట్టుకుంటోంది. హాలంతా నిశ్శబ్దమైంది. అందరూ తన వైపే చూస్తున్నారని ఆమెకు ఆలస్యంగా తెలిసింది. ఆయన మళ్ళీ అడిగాడు. పెదవులు కదలడం కనిపించింది, అంతే. ఇప్పుడు తల తిప్పి, వినపడ్డట్టు నటించి, ఏదో ఒక జవాబు చెప్పి నెట్టుకు రావచ్చు. నాలుగు నెలలుగా చేస్తున్నది అదే.

"అయ్యా, ఈ చెవి నాకు వినపడదు," అంది. "ఇటువైపు వచ్చి అడగండి."

పొక్లెయినాయన నవ్వాడు. వేళాకోళం అనుకున్నాడు. లేచి, కుర్చీలు దాటుకుని ఎడమవైపుకి వచ్చి, ఒక్కో మాటా సాగదీస్తూ అడిగాడు. "ఇన్నేళ్ళలో ఒక్క పుచ్చు దూలం కూడా మీ చెయ్యి దాటిపోలేదా అమ్మా అని అడిగాను."

"దాటి ఉంటుంది. ఎన్నో తెలియదు," అంది సుత్తమ్మ. తర్వాత ఆగకుండా చెప్పేసింది. వేసవి జలుబు, ఈల, ఇందాక రెండు ముక్కలైన దూలం, పిల్లల కేంద్రం, పందొమ్మిది ఇళ్ళు. నీళ్ళు నమల్లేదు. "పిల్లల్ని ఇప్పుడే బయటికి తెచ్చాం. లైబ్రరీలో ఉన్నారు. ఇంజినీరుగారిని డ్రిల్లు తీసుకుని రమ్మనండి. నన్ను తర్వాత తిట్టండి."

తిట్టలేదు. తిట్టడానికి ముందు భయపడ్డారు. అక్కడున్న వాళ్ళలో ఇద్దరి మనవలు ఆ కేంద్రంలోనే ఉన్నారు.

ఇంజినీరు నిచ్చెన వేసి దూలాల కొసల్లో సన్నని డ్రిల్లు దింపుతుంటే కింద అరచేతిలో తెల్ల కాగితం పట్టుకుని మేస్త్రి నిలబడ్డాడు. మొదటి దూలానికి ఎర్ర పొట్టు పడింది. రెండోదానికీ ఎర్రదే. ఎనిమిదో దూలం దాకా ఎర్ర పొట్టే పడింది. తలుపు దగ్గర గుమిగూడిన వాళ్ళలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. పొక్లెయినాయన కూడా నోరు మెదపడం మానేసి కాగితం వైపే చూస్తున్నాడు.

తొమ్మిదోది. డ్రిల్లు ఒక్కసారిగా పిడి దాకా దిగిపోయింది. ఇంజినీరు నిచ్చెన మీద తూలి నిలదొక్కుకున్నాడు. కాగితం మీద బూడిద రాలింది.

సుత్తమ్మ ఆ దూలం కిందికి చూసింది. చెప్పుల అరల వెనక చాప మడత ఇంకా అలాగే ఉంది. ఆమె గోడ వారగా కూలబడింది. పిల్లల్ని లైబ్రరీ వాళ్ళకు అప్పగించి వచ్చిన కూతురు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

మిగతా మూడూ చూడకముందే పన్నెండింటి కిందా ఊతలు పడ్డాయి. సాయంత్రం మళ్ళీ మీటింగు కూర్చుంది. రూలు ఎత్తెయ్యమన్నాడు పొక్లెయినాయన. పాత చెక్కను నమ్మితే ఇంతేనన్నాడు. ఆ మాట తప్పని అనేవాళ్ళు ఆ పూట ఎవరూ లేరు. చైర్‌పర్సన్ మేడమ్ చివరికి సుత్తమ్మ ఎడమపక్కకు వచ్చి నిలబడి, "మీరేమంటారు?" అని అడిగింది.

"తప్పు చెక్కది కాదండీ, నాది," అంది సుత్తమ్మ. "ఒక్క మనిషి చెవి మీద ఊరంతటి ఇళ్ళ కప్పులు నిలబెట్టడం ఇంకో తప్పు. ఇకనుంచి ఇద్దరు వినాలని రాయండి. కప్పు మోసే ప్రతి దూలానికీ డ్రిల్లు దించి చూడాలని రాయండి. వినేవాళ్ళ చెవులు ఆరు నెలలకోసారి డాక్టరుకు చూపించాలని రాయండి. ఈ పనికి నేను ఇంక పనికిరానని కూడా రాసుకోండి. కానీ రూలు తీసేస్తే ఆ చెత్త ఎక్కడికి పోతుందో మీ అందరికీ తెలుసు. మా వీధికి ఇంకా బాగా తెలుసు."

ఓటు నెల రోజులు వాయిదా పడింది. ఈలోపు పందొమ్మిది ఇళ్ళూ చూసి రావాలన్నారు. పుచ్చువి ఎన్ని తేలతాయో చూసి అప్పుడు రూలు సంగతి తేలుస్తామన్నారు. డ్రిల్లూ ఇంజినీరూ కేంద్రం కప్పు విప్పేదాకా అక్కడినుంచి కదలడానికి లేదు. అందాకా సుత్తితోనే మొదలుపెట్టమన్నారు. ఎవరు వెళతారని అడిగేలోపే సుత్తమ్మ సంచీ భుజాన వేసుకుంది.

మర్నాడు పొద్దున్నే మేస్త్రితో కలిసి మొదటి ఇంటి తలుపు తట్టింది. బస్సు డ్రైవరు ఇల్లు. అతను డ్యూటీ దిగి వచ్చి అప్పుడే పడుకున్నాడు. భార్య తలుపు తీసింది. సుత్తమ్మ గడప బయటే నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ ఒక్కసారి వెనక్కి తిరిగి గదిలోకి చూసింది. మంచం మీద మొగుడు, పక్కనే మోకాళ్ళు ముడుచుకుని చిన్నపిల్ల. వాళ్ళ పైన తిరుగుతున్న ఫ్యాను ఆ దూలానికే వేలాడుతోంది.

ఇద్దరినీ లేపి బయటికి పంపారు. ఫ్యాను ఆపారు. మేస్త్రి స్టూలెక్కి దూలం కొసకు చెవి ఆనించాడు. అతనికి ఈ వినడం ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. నిన్న రాత్రి పొద్దుపోయేదాకా యార్డులో మంచి దూలాన్నీ చెడ్డ దూలాన్నీ మార్చి మార్చి కొట్టి, ఆమే నేర్పింది.

సుత్తమ్మ ఇంకో స్టూలెక్కి సుత్తి ఎత్తింది. కొసన కొట్టింది. చేతికి దెబ్బ తెలిసింది గానీ కుడిచెవికి ఏమీ అందలేదు. ఆమె దూలం వైపు చూడలేదు. కళ్ళార్పకుండా మేస్త్రి మొహం వైపే చూస్తూ, రెండో దెబ్బకు చెయ్యెత్తింది.